ఎడమచేతి పిడి

సూర్యాపేట
6-2-1949

చిరంజీవి తమ్ముడు మంగయ్యకు అక్క అలివేలు దీవెనలు.

ఉత్తరం మొదట్లో మేమంతా బాగున్నాం అని రాయడం అలవాటు. ఇవాళ ఆ మాట రాయబోతే చెయ్యి సాగలేదు. మీ బావను మంగళవారం నాడు మిలిటరీ వాళ్ళు కాంపుకు తీసుకుపోయారు. ఇంకా పంపలేదు.

కంగారు పడకు, ఎవరూ చెయ్యి చేసుకోలేదు. నేను రోజూ రొట్టెలు పట్టుకుపోతున్నాను, కాపలా సిపాయి లోపలికి పోనిస్తున్నాడు. ఊళ్ళో ఎవరి దగ్గర ఆయుధాలున్నా అప్పగించాలని చాటింపు వేశారు కదా. కుట్టుమిషన్లు, లాంతర్లు బాగుచేసి బతికే ఇంట్లో ఆయుధాలేం ఉంటాయని మేము నిమ్మళంగా ఉన్నాం. మా గల్లీలో ఇల్లిల్లూ చూసుకుంటూ మా ఇంటికీ వచ్చారు. నేను వంటింట్లో పొయ్యి ఊదుతున్నాను. పచ్చి కట్టెలు, కళ్ళనిండా పొగ. ఒక సిపాయి నా చేతిలోంచి ఊదుగొట్టం తీసుకుని, వెలుతురుకు ఎత్తి, దాని బొక్కలోంచి చూశాడు. మళ్ళీ చూశాడు. ఇంకొకణ్ణి పిలిచాడు. ఆ గొట్టం లోపల మర చుట్టినట్టు సన్నటి గాడులుంటాయి. నేనెప్పుడో చూశాను, కానీ పొయ్యి ఊదేదానికి గాడులతో నాకేం పని? అది పిస్తోలు గొట్టం అన్నారు వాళ్ళు. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది.

తర్వాత మీ బావ పనిముట్ల పెట్టెలో ఒక మీట, ఒక స్ప్రింగు దొరికాయి. ఎక్కడివి ఇవి అంటే "పాత ఇనుము సాబ్" అన్నాడు. ఎవరిచ్చారు అంటే తల వంచుకున్నాడు. అంతే. అవి మిలిటరీ సామానట. మిలిటరీ దగ్గర దొంగిలించినవని తేలితే హైదరాబాదు పంపి కేసు పెడతారు, ఏళ్ళకేళ్ళు జైలు. ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో చెప్పి, అది నిజమని తేలితే ఇంటికి పంపేస్తారు. ఇంత సులువైన సంగతి ఈ మనిషికి ఎందుకు చేతకావడం లేదో నాకు తెలియదు. వాళ్ళడిగినా, నేనడిగినా నోరు తెరవడం లేదు.

నువ్వు కోదాడ దవాఖానలో కాంపౌండరువి, అక్కడి మిలిటరీ ఆఫీసర్లు మందుకు నీ దగ్గరికే వస్తారని మరదలు పిచ్చమ్మ రాసింది. ఎవరినైనా ఒక మాట అడుగు తమ్ముడూ.

కోపంలో ఒక్కటి రాయకుండా ఉండలేను. ఆ గొట్టం ఊదడానికి కూడా పనికిరాదు, సన్నం, బుగ్గలు నొప్పి పుడతాయి. ఈ మనిషి నాకు చేసిచ్చిన వస్తువేదీ నా చేతికి కుదరదు. కిందటేడు ఇస్త్రీపెట్టెకు కొత్త పిడి వేసిచ్చాడు చూడు, దానితో ఒక్క అంగీ ఇస్త్రీ చేస్తే మణికట్టు పీకేస్తుంది. అయినా ఆయన ఇంటికి రావాలి. వచ్చాక తిడతాను.

నీ అక్క
అలివేలు


కోదాడ
9-2-1949

అక్కకు తమ్ముడు మంగయ్య నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం దవాఖానలో నిలబడే చదివాను. బావ నోరు తెరవడం లేదని రాశావు. పొద్దస్తమానం తుప్పు ఇనుముతో పని చేసే మనిషి. ఎక్కడైనా గీసుకున్నాడేమో చూశావా? దవడ గట్టిగా బిగిసిందా? మెడ వెనక్కి లాగుతుందా? చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడా? ఇది ధనుర్వాతం అయితే ఆలస్యం పనికిరాదు. కాంపులో డాక్టరు ఉంటాడు, కాళ్ళు పట్టుకునైనా చూపించు. రొట్టె పెట్టకు, గంజి పట్టించు. ఈ సంగతి ముందు రాసి ఊదుగొట్టం సంగతి తర్వాత రాయాల్సింది కదా అక్కా!

ఇక రెండో సంగతి. ఇక్కడి కాంపులో ఒక కెప్టెన్ ఉన్నాడు. చలిజ్వరం, రెండు రోజులకోసారి నా దగ్గర క్వినైన్ తాగి మొహం వికారంగా పెడతాడు. మంచివాడు. పేర్లు చెప్పకుండా ఆయనతో ఇలా ఒకచోట పిస్తోలు ముక్కలు దొరికాయట అన్నాను. వెంటనే లేచి కూర్చున్నాడు. యుద్ధానికి ముందు తానూ పిస్తోలు గురిలో పేరున్న మనిషేనట. ముక్కలమీద నిశాని ఉంటుంది, అది దొరికితే ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో అంతా తేలిపోతుంది అన్నాడు. కాబట్టి ఇంట్లో ఇంకా ఏవైనా ముక్కలు మిగిలి ఉంటే నిశాని ఉందేమో వెంటనే చూడు.

బావ దవడ సంగతి మాత్రం తిరుగు టపాలో రాయి. పిచ్చమ్మ ఏడుస్తోంది.

ఇట్లు
మంగయ్య


సూర్యాపేట
13-2-1949

తమ్ముడు మంగయ్యకు దీవెనలు, మరదలికి కూడా. కళ్ళు తుడుచుకోమని చెప్పు.

మీ బావ దవడకు ఏం కాలేదు. నిన్న జొన్నరొట్టెలు, చింతపండు తొక్కు పెడితే ఒక్క తునక మిగల్చలేదు. నోరు తెరవడం లేదంటే సంగతి చెప్పడం లేదని అర్థం. కాంపౌండరు పని నేర్చుకుని తెలుగు మరిచిపోయావా? కోదాడ పోయినప్పటి నుంచి నువ్వు "ఉంటుందండీ, అవుతుందండీ" అంటున్నావని ఇక్కడ అందరూ నవ్వుతున్నారు, ఇప్పుడు ఇది కూడా కలిపి చెప్తాను. అయినా నీ ఉత్తరం చదివి నవ్వినందుకు నీకు రుణపడి ఉన్నాను. ఆయన్ని పట్టుకుపోయినప్పటి నుంచి నేను నవ్వింది అదే.

నవ్వు ఎంతోసేపు ఉండలేదు. నిశాని దొరికితే అంతా తేలిపోతుందని రాశావు. అన్నీ తన చేత్తో సానపట్టి, బిగించి, తుడిచిన ముక్కలు. వాటిమీద మీ బావ వేలి నిశానీలు కాక ఇంకెవరివి ఉంటాయి? పట్వారి దగ్గర కాగితం మీద వేసిన నిశానితోనే మా మామగారి చెలక భూమి పోయిందని నీకు తెలుసు. ఇనుము మీద వేసింది ఇంకెంత గట్టిది!

ఇల్లంతా వెతికాను. తలుపు గడియకు ఒక స్ప్రింగు. ఇస్త్రీపెట్టె పిడి, దాని కింద కట్టెను పట్టుకుని ఉన్న ఇనుప పట్టీ. ఆ పట్టీ, కట్టె రెండూ ఆ పిస్తోలువే, ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. తలుపులు వేసుకుని అన్నీ ముందు పెట్టుకుని చింతపండు, ఇటికెపొడి వేసి తోమాను. బొగ్గుమసి అంతా పోయి అద్దంలా మెరుస్తున్నాయి. ఇక ఎవరొస్తారో రమ్మను, ఒక్క వేలిముద్ర కూడా దొరకదు.

కానీ తమ్ముడూ, మసి పోయాక పట్టీ మీద ఇంకేదో బయటపడింది. రెండు కాకి అడుగులు, ఒకదానికొకటి ఎదురుగా ముక్కులు ఆనించి నిలబెట్టినట్టు చెక్కి ఉన్నాయి. పక్కన ఇంగ్లీషు అక్షరాలు. అవి ఎట్లా ఉన్నాయో ఈ కాగితం చివర గీశాను, చూడు. ఇవి మంచివా చెడ్డవా? చెడ్డవైతే రాయి. మీ బావ ఆకురాయి ఇక్కడే ఉంది, అరగదీసి నున్నగా చేసేస్తాను. నీ జవాబు శుక్రవారం లోపల రాకపోతే ఎందుకైనా మంచిదని ఎట్లాగూ అరగదీస్తాను.

నీ అక్క
అలివేలు


కోదాడ
16-2-1949

అక్కా,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు ఆకురాయి తీసుకుపోయి బావిలో పడెయ్యి. అరగదీయకు! ఈ ఉత్తరం టపాలో వేస్తే శుక్రవారానికి అందుతుందో లేదోనని బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపుతున్నాను. నీ చేతికే ఇవ్వమని నాలుగుసార్లు చెప్పాను, అతను నన్ను తిట్టి వెళ్ళాడు.

నిశాని అంటే వేలిముద్ర కాదు అక్కా. ముద్ర. గుర్తు. తయారుచేసినవాళ్ళు కొట్టే గుర్తు. నేను ఇంకో మాట వాడి ఉండాల్సింది. కానీ నువ్వు తప్పు అర్థం చేసుకోకపోతే అంత తోమేదానివి కాదు, తోమకపోతే ఆ మసి కింద ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. ఏ దేవుడు నీ చేత చింతపండు పట్టించాడో ఆయనకు దండం పెడుతున్నాను.

నువ్వు గీసిన బొమ్మ కెప్టెన్‌కు చూపించాను. దుప్పటి అవతల పడేసి కాగితం కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. నువ్వు కాకి అడుగులు అన్నవి బాణాలట. ఒక్క బాణం ఉంటే సర్కారు ఆయుధం. రెండు బాణాలు ఇలా ముక్కులు ఆనించి కొడితే, సర్కారు దాన్ని తన లెక్కలోంచి తీసేసి బయటి మనిషికి అమ్మేసిందని గుర్తట. అంటే అది దొంగసొత్తు కాదు. అర్థమైందా? దొంగసొత్తు కాదు! నేను అక్కడే మందు సీసాల మధ్య ఏడ్చాను. ఆయన చూడనట్టు క్వినైన్ తానే కలుపుకుని తాగాడు.

ఇంకొకటి కూడా చెప్పాడు. అది మామూలు పిస్తోలు కాదు, పందెపు పిస్తోలట. మిలిటరీలో మంచి గురిగాళ్ళు పందేలలో వాడేది. బావకు అది ఏ పందెగాడి దగ్గర్నుంచి వచ్చిందో కాస్త నెమ్మదిగా అడుగు. పట్టీ మీది గుర్తులపై ఒక పలుచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దు, చిన్నప్పుడు మనం పైసా మీద రుద్దినట్టు. ముద్ర దిగుతుంది. తర్వాత ఆ పిడిని కాగితం మీద పెట్టి చుట్టూ గీయి, ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ గుంటగా ఉందో గుర్తు పెట్టు. కెప్టెన్ అడిగాడు.

నీ తమ్ముడు
మంగయ్య


సూర్యాపేట
20-2-1949

తమ్ముడు మంగయ్యకు దీవెనలు.

డ్రైవరు ఉత్తరం నా చేతికే ఇచ్చాడు. "మీ తమ్మునికి జర దిమాక్ ఖరాబైందమ్మా" అన్నాడు. మజ్జిగ పోసి పంపాను. ఆకురాయి బావిలో వేయలేదు, ఆయన వచ్చాక దానితోనే బతకాలి. చీరల కింద దాచాను.

దొంగసొత్తు కాదన్న మాట ఎన్నిసార్లు చదివానో. కానీ దాని కిందనే పందెం అని రాశావు. ఈ ఇంట్లో అంతకంటే చెడ్డమాట లేదు. మా మామగారి తమ్ముడు కోడిపందాలలో ఎడ్లను, బండిని పోగొట్టుకున్నాక మీ బావ పేకముక్క కూడా ముట్టనని నాకు చెప్పి పెళ్ళి చేసుకున్నాడు. నీ ఉత్తరం పట్టుకుని ఉన్నపళాన కాంపుకు పోయాను. కటకటాల ముందు నిలబడి "ఏ పందెంల గెలిచినవయ్యా పిస్తోలు? నాకు తెల్వకుంట ఎన్నొద్దుల సంది ఆడుతున్నవ్?" అని అడిగాను. మొదట నోరు వెళ్ళబెట్టి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే కాపలా సిపాయి ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

"పందెం గాదే పిచ్చిదానా, నిశానా కొట్టే పోటీ. కాయితం మీద సుక్క పెట్టి కొడ్తరు" అన్నాడు.

"గట్లనా? అంటే నీకు ఎరికే అన్నట్టు" అన్నాను నేను.

అంతే, మళ్ళీ మూసుకున్నాడు. చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఒక్కమాట అన్నాడు. "మాటిచ్చిన అలివేలు. ఇచ్చిన మాట తప్పి బయటికొస్తే గా మొఖం యాడ పెట్టుకోను?" ఎవరికిచ్చిన మాట, ఏం మాట అంటే లేదు. నాకు అరవాలనిపించింది. కానీ ఆయన మొహం చూస్తే దొంగ మొహంలా లేదు, ఎవరికో కాపలా కాస్తున్న మనిషి మొహంలా ఉంది. తిట్టకుండా వచ్చేశాను. ఇది నాకు కొత్త.

నువ్వు చెప్పినట్టు పెన్సిలుతో రుద్దిన కాగితం, గీసిన బొమ్మ పంపుతున్నాను. బొమ్మలో బొటనవేలికి ఆనేలా ఒక దిమ్మె ఉంది చూడు, అదే నా ప్రాణం తీసేది. అది ఉండాల్సిన వైపు కాకుండా అవతలి వైపు ఉంది. వేళ్ళకు గుంటలున్నాయి, నా ఏ వేలూ వాటిలో పడదు.

పక్కింటి సైదమ్మ రోజూ నాకు అన్నం తెచ్చి, నేను తినేదాకా కదలడం లేదు. తాను జాన్‌పహాడ్ దర్గాలో సైదులుకు మొక్కితే పుట్టిన పిల్లనని, తన మాట అక్కడ చెల్లుతుందని మీ బావ కోసం మొక్కిందట. చుట్టూ ఇంత మంచి ఉండగా నాకు ఒక్క ముక్క చెడ్డ జరిగింది, అంతే అనుకుంటున్నాను.

నీ అక్క
అలివేలు


కోదాడ
24-2-1949

అక్కకు నమస్కారాలు.

పందెం అన్నందుకు చెవులు పట్టుకుంటున్నాను. ఇక నుంచి నేను రాసే ప్రతి మాటనూ ముందు పిచ్చమ్మకు వినిపించి, తనకు ఎలా అర్థమైందో కనుక్కుని పంపుతాను.

కెప్టెన్ నీ కాగితాలు చూశాడు. రుద్దిన ముద్ర చూసి అనుమానం లేదన్నాడు, అక్షరాలను బట్టి అది సికింద్రాబాదు పల్టనులో ఒకప్పుడు వాడిన పోటీ పిస్తోలట. తర్వాత నువ్వు గీసిన పిడి బొమ్మ చూశాడు. ఒక సబ్బుబిళ్ళ అడిగి తీసుకుని, చాకుతో ఆ ఆకారం చెక్కాడు. కుడిచేత్తో పట్టుకున్నాడు, కుదరలేదు. ఎడమచేతికి మార్చాడు. వేళ్ళన్నీ వాటి వాటి గుంటల్లో కూర్చున్నాయి అక్కా, బొటనవేలు దిమ్మె మీద ఆనింది.

"ఇది ఎడమచేతివాటం మనిషి చేతి కొలతకు చెక్కింది. ఇంత శ్రద్ధగా చెక్కించారంటే పల్టనుకు వాడు ముద్దుబిడ్డ అయి ఉంటాడు" అన్నాడాయన. అంటే నీ మణికట్టు తప్పూ లేదు, బావ పనితనం తప్పూ లేదు.

మీ కాంపు ఆఫీసరుకు కెప్టెన్ పోయిన వారమే తన చేత్తో రాశాడు. ఇది సర్కారు అమ్మిన పిస్తోలు, దొంగతనం కాదు అని. అక్కడి గొట్టం మీద మసి తుడిపించి చూస్తే అదే ముద్ర ఉందని వాళ్ళూ ఒప్పుకున్నారు. కానీ సర్కారు ఎవరికి అమ్మిందో ఆ ఇంటివాళ్ళు వచ్చి, మేమే ఇచ్చాం అని చెప్పాలి. లేకపోతే ఆ ఇంట్లో దొంగిలించాడేమో అన్న ప్రశ్న మిగిలిపోతుంది. వచ్చే వారం చివరికి ఎవరూ రాకపోతే బావను హైదరాబాదు పంపక తప్పదు.

బావ మిషన్ల పనిమీద త్రిపురారం, పెద్దవూర, మిర్యాలగూడ అన్నీ తిరుగుతాడు కదా. ఆ ఊళ్ళలో ఎడమచేతివాటం సిపాయి ఎవరైనా ఉన్నాడా? గుర్తు తెచ్చుకో.

నీ తమ్ముడు
మంగయ్య


మిర్యాలగూడ
2-3-1949

తమ్ముడు మంగయ్యకు,

పైన ఊరి పేరు చూసి ఉలిక్కిపడకు. లక్ష్మీకాంతమ్మ దొరసాని ఇంట్లో, ఆమె ఇచ్చిన కాగితం మీద రాస్తున్నాను.

నీ ఉత్తరం రాగానే మీ బావ దగ్గరికి పోయి ఇంకేమీ అడగలేదు. నా ఎడమచెయ్యి పైకెత్తి చూపించాను, అంతే. గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవగా చూసింది ఒక్కసారే, కిందటేడు వానలకు ముందు. దొరసాని కుట్టుమిషను బాగుచేయడానికి మిర్యాలగూడ పోయి, గోనెసంచితో తిరిగొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. ఎందుకంటే కళ్ళలో నలుసు పడిందన్నాడు. ఆ పిడి ఆ తర్వాత వేసిందే.

ఆయన మాట ఇచ్చాడు. నేనివ్వలేదు కదా? ఇస్త్రీపెట్టె సంచిలో వేసుకుని బస్సెక్కాను.

వాకిట్లోకి పోయేసరికి మిషను చప్పుడు వినిపించింది. దొరసాని తెల్లచీరలో కూర్చుని ఏదో కుడుతోంది. నేను ఆయన పేరెత్తలేదు. ఇస్త్రీపెట్టె తీసి ఆమె ముందు పెట్టాను. "దొరసాని, గీ పిడి నా చేతికి కుదుర్తలేదు. ఎవలి చేతికి కుదుర్తదో ఎరుక జేస్కుందామని వచ్చిన" అన్నాను.

మిషను ఆగింది. ఆమె పిడిని చూసింది, నన్ను చూసింది.

"కొమురయ్య జెప్పిండా?" అని మీ బావ పేరు తానే ఎత్తింది.

"చెప్పలే దొరసాని. చెప్పలేదనే లోపలున్నడు."

ఆమెకు తెలియదు తమ్ముడూ. పట్టుకుపోయిన సంగతే తెలియదు. నేను చెప్తుంటే రెండు చేతులూ మిషను మీద పెట్టుకుని వింది. తర్వాత ఆమె చెప్పింది, నేను విన్నాను. ఆమె మాటల్లోనే రాస్తాను, నా మాటల్లో రాస్తే చెడిపోతుంది.

"నా కొడుకు గోపాల్‌కు ఎడమచేతి వాటం. అన్నం ఎడమచేత్తోని తింటుంటే గరిటెతోని కొట్టిన. చుట్టాలు నవ్వుతరని చెయ్యి ఎనకకు కట్టేసిన. పెద్దగై పల్టన్ల జేరిండు. గాడికెళ్ళి ఒకపాలి రాసిండు, అమ్మా, నువ్వు కొట్టిన చేతితోనే పోటీల అందరికన్న ముందొచ్చిన, నా చెయ్యి కొలత దీస్కొని పిడి చెక్కించిండ్రు, గా పిస్తోలు సర్కారు కాడ నేనే కొనుక్కున్న అని. లడాయికి మలయా పోయిండు. పిస్తోలు సికింద్రాబాదుల పెట్టెలనే ఉండె. గా పెట్టె ఇంటికొచ్చింది. వాడు రాలే."

కుడుతున్న గుడ్డను మిషను మీంచి తీసి మడిచింది.

"పోయినేడు దినాలు నీకెరికే. ఒక దిక్కు రజాకార్లు, ఇంకో దిక్కు వాళ్ళ మీద తిరగబడ్డోళ్ళు తుపాకుల కోసం ఇండ్లు దేవులాడుతున్నరు. నా కొడుకు దీంతోని కాయితం మీది సుక్కలనే కొట్టిండు. పిట్టను గూడ కొట్టలే. ఎవని చేతుల్లనో పడి దీనికి మనిషి నెత్తురు అంటొద్దనుకున్న. కొమురయ్యను పిలిచి ముక్కలు జేయించిన. ఏమన్న జేస్కో, తుపాకి మాత్రం గావొద్దు, ఎవలకు జెప్పొద్దు అని నా కొడుకు పేరు మీద ఒట్టేయించుకున్న. గా ఒట్టు గిట్ల మీ మెడకు చుట్టుకుంటదని అనుకోలే బిడ్డా."

నేను ఏడ్చాను. మీ బావ మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపమంతా కరిగిపోయింది. పొయ్యికి ఊదుగొట్టం, బట్టలకు ఇస్త్రీపెట్టె, తలుపుకు గడియ. ఆమె కోరినట్టే అన్నిటినీ ఇంటి సామాను చేశాడు.

ఆయుధం ఇన్నాళ్ళూ అప్పగించకుండా దాచారంటే మీకు ఇబ్బంది అవుతుందేమో అన్నాను. "అయితే అయితది. వాడు నా కొడుకు కోసం లోపల కూసుంటే నేను గీడ గుడ్డలు కుట్టుకుంట కూసుందునా?" అంది. రేపటి బస్సుకు నాతో వస్తోంది. పల్టనులో గోపాల్ గురిపెట్టి నిలబడ్డ ఫోటో ఒకటి సంచిలో పెట్టుకుంది. ఎడమచేత్తోనే.

నీ అక్క
అలివేలు


కోదాడ
6-3-1949

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం పిచ్చమ్మకు చదివి వినిపించడం మొదలుపెట్టి నేను పూర్తి చేయలేకపోయాను. మిగతాది తనే చదివింది.

కెప్టెన్‌కు బదిలీ అయింది. లారీ ఎక్కేముందు దవాఖానకు వచ్చాడు. గోపాల్ సంగతి చెప్పాను. టోపీ తీశాడు. ఆ పేరు తాను వినలేదు గానీ ఆ చెయ్యి తనకు తెలుసన్నాడు. సబ్బు పిడి మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆయనకు నేను ఇచ్చింది చేదుమందు ఒక్కటే, ఆయన మనకు ఇచ్చింది ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

బావ ఇంటికి వచ్చాడా? ఒక్క ముక్క రాయి. ఈసారి ఏ మాటకూ రెండర్థాలు లేకుండా రాయి.

మంగయ్య


సూర్యాపేట
10-3-1949

చిరంజీవి తమ్ముడు మంగయ్యకు, మరదలు పిచ్చమ్మకు అలివేలు దీవెనలు.

మీ బావ ఇంటికొచ్చాడు. దీనికి ఒకటే అర్థం. ఇప్పుడు నా వెనక కూర్చుని లాంతరు గాజు తుడుస్తున్నాడు.

దొరసాని కాంపులో ఆఫీసరు ముందు నిలబడి, ఫోటో బల్లమీద పెట్టి, అంతా ఒక్క పొల్లు పోకుండా చెప్పింది. ఆయన ఫోటో చూశాడు, నేను పట్టుకుపోయిన పిడి చూశాడు, గొట్టం మీది బాణాలు చూశాడు. ముందే అప్పగించాల్సిందమ్మా అన్నాడు. తుపాకీ అయితే అప్పగించేదాన్ని, అప్పటికే అది ఊదుగొట్టం కదా అంది ఆమె. ఆ ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయాడు. గొట్టం, మీట వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. పిడి, పట్టీ తీసుకుపోండి అన్నారు.

మీ బావను బయటికి తెచ్చినప్పుడు ఆయన మొదట చూసింది నన్ను కాదు, దొరసానిని. చూడగానే తల దించుకున్నాడు. తాను మాట తప్పానని ఆమె అనుకుంటుందని భయపడ్డాడు. ఆమె దగ్గరికి పోయి, "తలకాయెత్తు కొమురయ్యా. నీ మాట నువ్వు దక్కించుకున్నవ్. నేనేయించిన ఒట్టు నేనే వాపస్ తీసుకుంటున్న" అంది. అప్పుడు ఆయన ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది. "నేను మొక్కాలె నీకు" అంది. నాకు ఆ క్షణాన లోకంలో అందరి మీదా ప్రేమ పుట్టింది తమ్ముడూ. నీ మీద, సబ్బు చెక్కిన కెప్టెన్ మీద, సైదమ్మ మీద, నిన్ను తిట్టిన బస్సు డ్రైవరు మీద. నా ఊదుగొట్టంలోంచి చూసిన ఆ సిపాయి మీద కూడా. అతను చూడకపోతే నేను ఈ పిడిని జీవితాంతం తిడుతూనే ఉండేదాన్ని.

దొరసాని బస్సుకు ఇంకా పొద్దుంది. మా ఇంటికి వచ్చింది. ముక్కలన్నీ ఏమేమయ్యాయో చూస్తానంది. గడియ వేసి తీసింది, స్ప్రింగు చప్పుడు విని మళ్ళీ వేసింది. మీ బావ పిడిని ఇస్త్రీపెట్టెకు బిగించి ఆమె ముందు పెట్టి, "తీస్కపో దొరసాని, మీ కొడుకుది" అన్నాడు.

ఆమె తీసుకోలేదు. "బొగ్గులెయ్యి" అని నాతో అంది. నిప్పులు వేసి విసిరాను. పెట్టె వేడెక్కింది. ఆమె కుట్టి తెచ్చిన తెల్ల రుమాలు ఒకటి బల్లమీద పరిచి, పిడిని ఎడమచేత్తో పట్టుకుంది. ఎన్నడూ ఆ చేత్తో పని చేయని మనిషి. వేళ్ళు ఒక్కొక్కటే వెతుక్కుని ఆ గుంటల్లోకి పోయాయి. ఆమె చేతికి కొంచెం పెద్దవే. మెల్లగా, ఆ కొస నుంచి ఈ కొసకు ఇస్త్రీ చేసింది. ఒక్క ముడత ఉండనీయలేదు.

తర్వాత పెట్టె దించి, పిడిని అట్లాగే పట్టుకుని, "వాడి చెయ్యి గూడ గిట్లనే యేడిగ ఉండేది" అంది.

పట్టుకుపొమ్మని నేనూ బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. "నా ఇంట్ల పెడితే పెట్టెల సల్లగ పడుంటది. గీడ దినాం యేడెక్కుతది. గీడనే ఉండనీ బిడ్డా." రుమాలు మాత్రం మడిచి బొడ్లో దోపుకుని బస్సెక్కింది. నెలకోసారి వస్తానంది. మిషను బాగుచేయించుకోవడానికట. ఆ మిషనుకు ఏ లోపమూ లేదని మీ బావ అంటున్నాడు.

ఊదడానికి వెదురుగొట్టం తెచ్చుకున్నాను, హాయిగా ఉంది. మీరిద్దరూ ఒకసారి రండి. కోదాడ మాటలు మాట్లాడినా ఏమీ అననులే.

ఇంకొకటి రాయడం మరిచాను. ఆమె పోయినప్పటి నుంచి నేనూ ఎడమచేత్తోనే ఇస్త్రీ చేస్తున్నాను. మొదట్లో రెండు అంగీలు మాడాయి. ఇప్పుడు చెయ్యి తిరిగింది. మణికట్టు నొప్పి పోయింది.

నీ అక్క
అలివేలు